అటకెక్కిన బొమ్మలు

“ఆ బొమ్మ అటకెక్కిందిలే” అన్న మాట మొదటిసారి మా నాన్న నోట విన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. బెజవాడ సత్యనారాయణపురంలో మా అద్దె ఇంట్లో వంటింటి పైన ఓ అటక ఉండేది. దాని మీద ఆవకాయ జాడీలు, చుట్టచుట్టిన బొంతలు, పండగలకు మాత్రమే దిగే ఇత్తడి గంగాళం. సినిమా అటకెక్కడమంటే మద్రాసులోనో హైదరాబాదులోనో ఇంతకంటే పెద్ద అటక ఒకటి ఉంటుందనీ, సగం తీసిన సినిమాలన్నీ రేకు పెట్టెల్లో అక్కడ పడుకుని ఉంటాయనీ, ఎవరైనా నిచ్చెన వేసుకుని ఎక్కితే దింపేయొచ్చనీ అనుకున్నాను. చాలా రోజులు అలాగే అనుకున్నాను. ఎవరినీ అడగలేదు, అందుకని ఎవరూ సరిదిద్దలేదు.

మా నాన్న గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్. ఈ తరానికి ఆ ఉద్యోగం ఏమిటో చెప్పాలి. కృష్ణా జిల్లాకి సినిమా కొన్న బయ్యరు తరఫున ప్రింటు పెట్టె వెంట ఉయ్యూరో, గుడివాడో, నూజివీడో, తిరువూరో వెళ్లాలి. ఆటకెన్ని టిక్కెట్లు తెగాయో లెక్క చూడాలి, రాత్రికి కలెక్షన్ రిపోర్టు రాయాలి. హాలువాళ్లు లెక్క తప్పు చూపిస్తే గొడవపడాలి, చూపించకపోతే వాళ్లతో కలిసి టీ తాగాలి. సినిమా ఆడినన్నాళ్లూ ఆయన ఇంటి మొహం చూసేవాడు కాదు. రిలీజులు లేని వారాల్లో మాత్రం మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, ఆఫీసులో మిగిలిన పాత సినిమా వారపత్రికలు నా ఒళ్లో పడేసేవాడు.

వాటి మీద పిచ్చితో ఓ లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. స్కేలు పెట్టి నాలుగు గడులు గీశాను: సినిమా పేరు, దర్శకుడు, ఓపెనింగ్, విడుదల. పక్క పేజీలో ఓపెనింగ్ ఫొటో అన్నం మెతుకులతో అతికించేదాన్ని. క్లాప్ కొడుతున్నవాళ్లు, కెమెరా స్విచాన్ చేస్తున్నవాళ్లు, పూలదండల వెనక సగం కనిపించే దర్శకుడు. సినిమా విడుదలయ్యాక చివరి గడిలో తేదీ వేయడం నాకో పండగ. క్రమంగా ఆ చివరి గడులు కొన్ని ఖాళీగా ఉండిపోవడం మొదలైంది. నిజానికి నా దృష్టంతా వాటి మీదే ఉండేది.

మొదటి ఖాళీ గడి ‘వినాలని ఉంది’. చిరంజీవి హీరో, రామ్‌గోపాల్ వర్మ దర్శకుడు, అశ్వినీదత్ నిర్మాత. ఈ మూడు పేర్లు ఒక పోస్టరు మీద పడితే కృష్ణా జిల్లా హక్కులకు ఎంత పోటీ ఉంటుందో అని మా నాన్న ఆఫీసులో లెక్కలు వేసుకునేవారట. కొంత తీశాక ఆగిపోయింది. నాన్న ఆ అటక మాట అన్నది దాని గురించే. తర్వాత అదే నిర్మాత, అదే హీరోతో గుణశేఖర్ ‘చూడాలని ఉంది’ తీసి 1998 ఆగస్టులో విడుదల చేస్తే, నోట్‌బుక్‌లో ఏం చేయాలో తెలియక తికమకపడ్డాను. వినాలని ఉన్నది చూడాలని ఉన్నదిగా మారిందా, లేక రెండూ వేరా? రెండూ వేరే అని నాన్న తేల్చాడు. గడి ఖాళీగా వదిలేశాను.

తర్వాత ‘అబు బాగ్దాద్ గజదొంగ’. సురేశ్ కృష్ణ దర్శకత్వం, మళ్లీ చిరంజీవే. ఆ పేరు కోసమే ఆ సినిమా రావాలని మొక్కుకున్నాను. తలపాగా, వంకీ కత్తి, ఎడారి. ఎగిరే తివాచీ ఉంటుందో లేదో పత్రికలో రాయలేదు గానీ నేను మాత్రం ఉంటుందని ఖాయం చేసుకున్నాను. అదీ రాలేదు. బాలకృష్ణతో కోడి రామకృష్ణ మొదలుపెట్టిన ‘విక్రమసింహ భూపతి’ అనే జానపదం కూడా సగంలోనే ఆగింది. రాజులు, కత్తులు, గుర్రాలు ఉన్న సినిమాలకే ఈ గతి ఎక్కువ పట్టేదని ఆ వయసులో నాకో సిద్ధాంతం ఉండేది. ఖర్చు సంగతి తెలియక గుర్రాలదే తప్పనుకునేదాన్ని.

గుర్రం కాదు, ఎద్దు మీద స్వారీ చేసిన సినిమా ఇంకోటుంది. 1997 అక్టోబరు 16న చెన్నైలోని ఎం.జి.ఆర్. ఫిల్మ్ సిటీలో కమల్‌హాసన్ ‘మరుదనాయగం’ మొదలుపెట్టాడు. దర్శకుడు కూడా తనే. ఓపెనింగ్‌కి ఎవరొచ్చారంటే సాక్షాత్తూ ఎలిజబెత్ రాణి. మన స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లయిన సందర్భంగా ఆవిడ భారతదేశం వచ్చినప్పటి మాట. పేపర్లో ఆ ఫొటో చూసి మా నాన్న చాలాసేపు నవ్వాడు. “ఎవరి కథమ్మా అది? తెల్లవాళ్ల దగ్గరే సిపాయిల నాయకుడిగా పనిచేసి, వాళ్లకే ఎదురు తిరిగితే 1764లో మదురైలో ఉరి తీశారే, ఆ యూసుఫ్ ఖాన్ కథ. దానికి కొబ్బరికాయ కొట్టించడానికి ఇంగ్లండు రాణినే పిలిచాడు చూడు, అదీ కమల్ అంటే!” అన్నాడు. బడ్జెట్ 80 కోట్లకు పైమాటే అని పత్రికలు రాశాయి. నాన్న ఆఫీసులో ఆ అంకె చదివి ఎవరూ నమ్మలేదట. ఆ తర్వాత విదేశీ పెట్టుబడి వెనక్కి పోయింది, సినిమా ఆగింది. రాణిగారి ఫొటో మాత్రం నా నోట్‌బుక్‌లో మూడో పేజీలో మెతుకులు పసుపుపచ్చగా మారి ఇప్పటికీ అంటుకునే ఉంది. ఎద్దు మీద కమల్ దూసుకొచ్చే ఆ కాసిని దృశ్యాలు చాలా ఏళ్ల తర్వాత యూట్యూబ్‌లో చూశాను. ఎంత బాగున్నాయో చెప్పను. చెప్తే మళ్లీ కడుపు మండుతుంది.

ఇవన్నీ పత్రికల్లో చదివినవి. మా ఇంటి చాప మీదే పుట్టిన సినిమా ఒకటుంది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఓ ఆదివారం నాన్న ఒకాయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. పదిహేనేళ్లుగా పెద్ద దర్శకుల దగ్గర కో-డైరెక్టర్‌గా పనిచేసి, మొదటి సినిమా కోసం తిరుగుతున్న మనిషి. పేరు రాయను. సన్నగా, నెరిసిన గడ్డంతో, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఉండేవాడు. మా అమ్మ ఉప్మా పెడితే “అక్కా, ముందు కథ. కథయ్యాక తింటాను, చల్లారినా ఫర్వాలేదు” అన్నాడు. కుర్చీ వద్దని కింద చాప మీద కూర్చున్నాడు. మేమందరం చుట్టూ కూర్చున్నాం. నాయనమ్మ మాత్రం గోడకి ఆనుకుని వత్తులు చేసుకుంటోంది.

సినిమావాళ్లు కథ చెప్పడం మీరెప్పుడైనా విన్నారా? అదొక విద్య. “చీకటి. గాలి. ఇంకా బొమ్మ పడలేదు, సౌండు మాత్రమే...” అంటూ మొదలుపెట్టాడు. గాలి చప్పుడు నోటితోనే చేశాడు. దివిసీమ కథ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన. ఒక తల్లి తన ఇద్దరు పిల్లల్ని చెరొక తాటిచెట్టుకీ తన చీర చింపి కట్టేస్తుంది. తెల్లారేసరికి తల్లి లేదు. రెండు చెట్లలో ఒకటి కూలిపోయి ఉంటుంది. “కట్ చేస్తే...” అని ఆగాడు. మా అందరి మొహాలూ ఒకసారి చూశాడు. “కట్ చేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత, నాగాయలంక రేవులో పడవ నడుపుతున్న కుర్రాడు.”

నాయనమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. ఆవిడది అవనిగడ్డ. ఉప్పెన దాటి బతికినవాళ్లలో ఒకతె. ఆ తర్వాతే మావాళ్లు అక్కడ ఇల్లూ వాకిలీ వదిలేసి బెజవాడ చేరారు. ఆ రాత్రి గురించి మా ఇంట్లో ఎవరూ ఆవిడ్ని అడిగేవాళ్లు కాదు. ఆవిడా చెప్పేది కాదు.

“చూడు నాయనా,” అంది. “నువ్వు చెప్పింది బాగుంది గానీ, తెల్లారాక జనం ముందు చూసింది శవాల్ని కాదు. చెట్ల మీద చీరలు. తాటి మట్టల్లో, తుమ్మ కంపల్లో, ఎక్కడ చూసినా రంగురంగుల చీరలు వేలాడుతుండేవి. జాతరలో జెండాలు కట్టినట్టు. ఏ చీర ఎవరిదో గుర్తుపట్టుకుంటూ ఏడిచాం.”

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఉప్మా రవ్వ పొట్లం కట్టుకొచ్చిన కాగితం కనిపిస్తే దాని వెనకే రాసుకున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “అమ్మా, నా మొదటి షాట్ ఇదే. చీకటి లేదు, గాలి లేదు. పొద్దున. నీలాకాశం. తాటిచెట్టు మీద ఎర్ర చీర. కెమెరా కిందికి దిగుతుంది.” మా నాయనమ్మ చెప్పిన దాంతో సినిమా మొదలవుతుందంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆవిడ మాత్రం “ఎర్రది కాదు, ఆకుపచ్చ” అంది.

కథ రెండు గంటలు నడిచింది. ఇంటర్వెల్ దగ్గర నిజంగానే ఆగి మంచినీళ్లు తాగాడు. పాటలొచ్చే చోట్ల “ఇక్కడ పాట” అని ఊరుకోక ఆ పాటలో ఏమేం చూపిస్తాడో వేళ్లతో గాలిలో గీసేవాడు. క్లైమాక్స్‌కి మా అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఉప్మా రాయిలా గట్టిపడింది, అలాగే తిన్నాడు. నేను జీవితంలో చాలా సినిమాలు చూశాను. ఇప్పటికీ ఫ్రేము ఫ్రేమూ గుర్తున్నది ఆ చాప మీద చూసినదే.

నాన్న మనిషి మంచివాడే గానీ వ్యాపారంలో మెత్తన. జీవితమంతా వేరేవాళ్ల సినిమాల లెక్కలు రాసిన మనిషికి ఓ సినిమాలో తన వాటా ఉండాలన్న కోరిక ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది. ఇంకో ముగ్గురితో కలిసి కృష్ణా జిల్లాకి అడ్వాన్సు కట్టాడు. మా వంతు అరవై వేలు. అందులో అమ్మ చేతిగాజులు నాలుగున్నాయి. అమ్మ ఇష్టపడే ఇచ్చిందని నాన్న అంటాడు. అమ్మనడిగితే “అప్పుడు ఆ కథకి ఏడిచానుగా, అందుకు” అంటుంది.

హంసలదీవి దగ్గర, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, పదకొండు రోజులు షూటింగ్ జరిగింది. ఒకరోజు మమ్మల్నీ తీసుకెళ్లాడు నాన్న. ఆ రోజు తీసింది ఒకే షాట్. తాటిచెట్టు మీద చీర. ఆకుపచ్చదే. ఉదయం నుంచి ఎండ కోసం కాచుకుని, మబ్బు వీడాక తీశారు. గాలికి చీర ఎగరాల్సిన వైపు ఎగరక నాలుగు టేకులైంది. నాలుగో టేకు అవగానే ఆయన కెమెరా దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి మా నాయనమ్మ కాళ్లకి దండం పెట్టాడు. ఆవిడ అటు తిరిగి చెట్టుకేసే చూస్తోంది.

పన్నెండో రోజు యూనిట్ సర్దుకుంది. నిర్మాతకి ఫైనాన్స్ ఇస్తానన్నవాడు రెండో విడత ఇవ్వలేదు. అంతకు ముందరి సినిమా బాకీ ఏదో ఉంది, దానికి వడ్డీ. మా రోజుల్లో సినిమా ఆగడమంటే ఎప్పుడూ ఇదే వరస. షూటింగ్ ఆగుతుంది, నెగెటివ్ ల్యాబ్‌లో ఉండిపోతుంది, ల్యాబ్ బాకీ కడితేగాని బయటికి రాదు, అది కట్టాలంటే సినిమా పూర్తవుతుందన్న నమ్మకం ఎవరికో ఒకరికి ఉండాలి. బయ్యర్ల అడ్వాన్సులు “వచ్చే సినిమాకి సర్దుతాం” అంటారు. వచ్చే సినిమా రాదు. నాన్న రెండుసార్లు హైదరాబాదు వెళ్లొచ్చాడు. మొదటిసారి రషెస్, అంటే అప్పటిదాకా తీసిన షాట్లు, చూసి వచ్చి రాత్రంతా మాట్లాడాడు, ముఖ్యంగా ఆ చీర షాట్ గురించి. రెండోసారి వచ్చి ఏమీ మాట్లాడలేదు.

“మొత్తం ఆరు వేల అడుగులు తీశాడమ్మా,” అన్నాడు ఎప్పుడో తర్వాత. అడుగుల్లో లెక్క చెప్పడం ఆయన అలవాటు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలాడుతుంది. నిమిషానికి తొంభై అడుగులు. మా ఇంట్లో అన్నం ఉడకడానికి కూడా “ఓ రెండు రీళ్లు పట్టుద్ది” అనేవాడు.

ఆ దర్శకుడు ఆ తర్వాత రెండు మూడుసార్లు వచ్చాడు. సిగ్గుపడుతూ గుమ్మం దగ్గరే నిలబడేవాడు. అమ్మ లోపలికి రమ్మని కాఫీ ఇచ్చేది. డబ్బు మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఒకసారి ఉండబట్టలేక నేనే అడిగాను: “అంకుల్, మీ సినిమా అటకెక్కిందా?” అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆయన మాత్రం నవ్వి, “ఎక్కిందమ్మా. నిచ్చెన కోసమే తిరుగుతున్నా” అన్నాడు. తర్వాత సీరియల్స్‌లో ఎపిసోడ్ డైరెక్టర్‌గా చేరాడని విన్నాం. ఆ సినిమా పేరు నా నోట్‌బుక్‌లో ఉంది. ఓపెనింగ్ తేదీ కూడా ఉంది.

ఆ తర్వాత కొంతకాలం నోట్‌బుక్ ముట్టలేదు. 2003లో పవన్ కల్యాణ్ ‘సత్యగ్రాహి’ మొదలుపెట్టినప్పుడు క్లాసులో ఓ పిచ్చి అభిమాని పోరు పడలేక మళ్లీ తెరిచాను. దర్శకుడూ ఆయనే, నిర్మాత ఎ.ఎం. రత్నం. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ‘జానీ’ ఆయన దర్శకత్వం వహించిన మొదటి సినిమా, అనుకున్నట్టు ఆడలేదు. ‘సత్యగ్రాహి’ ముహూర్తంతోనే ఆగింది. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం, ఎమర్జెన్సీ స్ఫూర్తితో అనుకున్న సినిమా అదని 2021లో ఆయనే ఆ పాత పోస్టరు బయటపెట్టి చెప్పుకున్నాడు. నా స్నేహితురాలికి ఆ రోజే మెసేజ్ పెట్టాను. అమెరికాలో ఉంది, ఇద్దరు పిల్లలు. అర్ధరాత్రి లేచి ఏడుపు బొమ్మలు పంపింది.

2004లో నేను ఇంటర్. నాయనమ్మతో నా అసలు యుద్ధం ఆ ఏడాదే.

మార్చిలో బాలకృష్ణ ‘నర్తనశాల’ మొదలుపెట్టాడు, తొలిసారి మెగాఫోన్ పట్టి. అర్జునుడు తనే, ద్రౌపది సౌందర్య, భీముడు శ్రీహరి, ధర్మరాజు శరత్‌బాబు. పేపర్ నేనే చదివి వినిపించాను. ఆవిడ పళ్లెంలో బియ్యం ఏరుతోంది.

“ద్రౌపది ఎవరన్నావే?”

“సౌందర్య.”

“అమ్మోరు పిల్లా?”

“ఆఁ.”

“ఊఁ,” అంది. అంతే. ఆ ‘ఊఁ’లో ఎంత ఉందో మా ఇంట్లోవాళ్లకే తెలుసు.

నాయనమ్మకి 1963 నర్తనశాల అంటే సినిమా కాదు, పురాణంలో భాగం. కమలాకర కామేశ్వరరావు తీసింది. ఎన్టీఆర్ బృహన్నల, సావిత్రి ద్రౌపది, ఎస్వీ రంగారావు కీచకుడు. ఆ కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిందంటే ఆవిడకి పెద్ద విశేషం కాదు. “రాకేం చేస్తుంది” అనేది. ఆవిడకి విశేషం మరొకటి. అందులో భీముడు వేసిన దండమూడి రాజగోపాలరావు మన కృష్ణా జిల్లావాడు, నిజంగానే బరువులెత్తే వస్తాదు. బెజవాడలో ఆయన పేరుతో ఉన్న ఇండోర్ స్టేడియం ముందు నుంచి రిక్షాలో వెళ్లినప్పుడల్లా “ఇదుగో మన భీముడిది” అని చూపించేది. ఇక ‘జననీ శివకామిని’ ఆవిడ పూజ ముగింపు. ఆ పాట సినిమాలోదని నాకు పదేళ్లొచ్చేదాకా తెలియదు, దేవుడి పాటే అనుకున్నాను.

“సావిత్రి కూర్చున్న పీట మీద ఇంకెవరు కూర్చుంటారే!” అనేది. నేను ఊరుకునేదాన్ని కాదు. అంతఃపురం చూశావా, పవిత్రబంధం చూశావా, కళ్లతోనే చేస్తుంది సౌందర్య అని వాదించేదాన్ని. మా గొడవ భోజనాల దగ్గర మొదలై మంచాల దాకా సాగేది. నాన్న మధ్యలో దూరి “బాలకృష్ణకి పౌరాణికం రక్తంలో ఉందే అమ్మా. దానవీరశూరకర్ణలో అభిమన్యుడు వేసినప్పుడు ఎంత పిల్లాడు! వాళ్ల నాన్న ఆ సినిమాని నలభై మూడు రోజుల్లో తీశాడు, ఇతనూ తీస్తాడు” అనేవాడు. నాయనమ్మ అప్పుడు కొంచెం మెత్తబడేది. ఎన్టీఆర్ మాటొస్తే ఆవిడకి ఎదురు మాట ఉండదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. విడుదలైన రోజు ఇద్దరం మొదటాటకి వెళ్లాలి. సౌందర్య బాగా చేస్తే నాయనమ్మ హాల్లోనే ఒప్పుకోవాలి. లేకపోతే నెలరోజులు ఆవిడ కాళ్లకి నేను కొబ్బరినూనె రాయాలి.

ఏప్రిల్ 17, శనివారం. ఎన్నికల రోజులు, టీవీ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్‌లో ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయిందనీ, అందులో సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్ ఉన్నారనీ వార్త. నేను వంటింట్లోకి పరుగెత్తాను. నాయనమ్మ స్టవ్ కట్టేసి వచ్చి టీవీ ముందు కింద కూర్చుంది. ఎవరి నోటా మాట లేదు. స్క్రీన్ మీద ఆమె పాటల ముక్కలు వేస్తున్నారు, మధ్యలో కాలిన పొలం. ఎప్పటికో నాయనమ్మ అంది: “నిండా ముప్పై రెండేళ్లు కూడా లేవటే పిల్లకి.” కాసేపాగి, “బాగానే చేసేదేమో” అంది.

నేను పందెం గెలిచానని ఎలా అనుకోగలను? ఆ రాత్రి వెళ్లి ఆవిడ కాళ్లకి నూనె రాశాను. వద్దనలేదు.

బాలకృష్ణ ఆ సినిమా మళ్లీ ఎత్తుకోలేదు. ఇంకో ద్రౌపదిని పెట్టుకుని తీయొచ్చు కదా అని నాన్న ఆఫీసులో కొందరన్నారట. నాకు మాత్రం తీయకపోవడమే మర్యాదనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. దర్శకుడిగా ఆయన మొదటి సినిమా అలా ఆగింది. ‘ఆదిత్య 369’కి తరువాయి అంటూ ‘ఆదిత్య 999’ మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. నా నోట్‌బుక్‌లో దానికి గడి లేదు. అప్పటికే గీయడం మానేశాను.

డిజిటల్ వచ్చాక ప్రింటు పెట్టెలు పోయాయి. ఉపగ్రహం నుంచి సినిమా నేరుగా హాలుకి దిగుతోంటే పెట్టె వెంట మనిషెందుకు? నాన్న ఉద్యోగం దానికదే సన్నగిల్లి, ఓ రోజు ఆగింది. మేము సొంతిల్లు కట్టుకున్నాం. ఈ ఇంట్లో అటక లేదు. ‘లాఫ్ట్’ అంటున్నారు, తలుపులున్నాయి.

2020 దసరాకి అందరం ఇంట్లోనే ఉన్నాం. కరోనా భయంతో నాయనమ్మ గది దాటనిచ్చేవాళ్లం కాదు. ఎనభై నాలుగేళ్లు, వినికిడి తగ్గింది, చూపు ఫర్వాలేదు. ఆ 2004 నాటి నర్తనశాలలో తీసినంత మేర, 17 నిమిషాలు, అక్టోబరు 24న ఆన్‌లైన్‌లో విడుదల చేస్తున్నారని ఫోన్‌లో చూశాను. డబ్బు కట్టి చూడాలి. వచ్చే దాంట్లో కొంత సేవా కార్యక్రమాలకని ప్రకటించారు. నాన్నకి చెప్పాను. ఆయన చాలాకాలం తర్వాత రిప్రజెంటేటివ్ మొహం పెట్టి, “ఎన్నింటికి ఆట?” అన్నాడు.

నాయనమ్మ మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాం. ట్యాబ్ నా చేతిలో. అమ్మ లైటు తీసేసింది, హాల్లోలాగా. సౌందర్య కనిపించగానే నాయనమ్మ ముందుకు వంగింది. ద్రౌపది వేషం. నేను బొమ్మ చూడటం మానేసి ఆవిడ మొహమే చూస్తున్నాను. శ్రీహరి వచ్చినప్పుడు “ఇతనూ పోయాడుగా?” అంది. అవునన్నాను. తర్వాత ఏమీ అనలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏవో పద్యాలు, ఈ సినిమావి కావు.

పదిహేడు నిమిషాలు ఎంతసేపు! బొమ్మ ఆగిపోయింది.

“ఏమైందే? కరెంటు పోయిందా?”

“అయిపోయింది నాయనమ్మా. అంతే తీశారు.”

“కీచకుడు రాలేదుగా?”

“ఆవిడ పోయిందిగా, అందుకని ఆపేశారు.”

ఆవిడకి గుర్తొచ్చింది. కాసేపు ట్యాబ్ నల్లటి అద్దం కేసే చూసింది. తర్వాత రెండు కాళ్లూ చాపి, చీర కొంచెం పైకి జరిపి, “కొబ్బరినూనె తేవే” అంది. నేను ఓడిపోయానన్నమాట. కాదు, ఆవిడే ఒప్పుకుందో! పదహారేళ్ల కిందటి పందెం అసలు ఆవిడకి గుర్తుందో లేదో కూడా తెలియదు. అడిగితే నవ్వింది, చెప్పలేదు. మరుసటి ఏడాది వేసవిలో వెళ్లిపోయింది.

ఆ రాత్రి నూనె రాసి బయటికొచ్చేసరికి నాన్న కుర్చీ వేసుకుని లాఫ్ట్ తలుపు తీస్తున్నాడు. పడతారు దిగండని అమ్మ కేకలేస్తోంది. అట్టపెట్టెల వెనక నుంచి నా లాంగ్ నోట్‌బుక్ దింపాడు. దుమ్ము దులిపి, కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. రాణిగారి దగ్గర ఆగి నవ్వాడు. హంసలదీవి సినిమా పేజీ దగ్గర ఆగాడు. దాని పక్కన నేను ఫొటో అతికించలేదు, ఆ రోజు నేలమీద పడున్న ఆకుపచ్చ చీరపేలిక ముక్క అతికించాను. రంగు వెలిసింది. దాన్ని వేలితో తడిమి, పేజీ తిప్పేశాడు.

నర్తనశాల దగ్గర పెన్ను తీశాడు.

“ఎంతసేపమ్మా మొత్తం?”

“పదిహేడు నిమిషాలు నాన్నా.”

పెదాలతో లెక్క వేసుకున్నాడు. తర్వాత కలెక్షన్ రిపోర్టులు రాసిన ఆ గుండ్రటి అక్షరాలతో, చివరి గడిలో రాశాడు: 24-10-2020. దాని కింద, చిన్నగా: 1530 అడుగులు.